ఫ్రీ-ఫ్లోట్ చేస్తే చాలా, బెడ్డింగ్ కూడా కావాలా? – వేడెక్కగానే గురి పాకే రైఫిల్ గురించి

మీ ప్రశ్న సారాంశం ఇది. డల్లాస్‌లో ఉంటున్న మీరు వాల్‌నట్ స్టాక్ (భుజానికి ఆనించి పట్టుకునే చెక్క భాగం) ఉన్న రెమింగ్టన్ 700 రైఫిల్‌ను, .308 క్యాలిబర్‌లో, సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. 100 గజాల దూరంలో మొదటి మూడు షాట్లు అంగుళం లోపలే పడుతున్నాయి. నాలుగో షాట్ నుంచి గురి కుడివైపుకు, పైకి పాకుతూ పోయి, ఏడు షాట్లు పూర్తయ్యేసరికి గ్రూప్, అంటే రంధ్రాలు పరచుకున్న వెడల్పు, మూడు అంగుళాలు దాటుతోంది. పైగా వారం రోజులు వానలు కురిసిన తరువాత రేంజ్‌కు వెళితే జీరోయే, అంటే గురిపెట్టిన చోటే గుండు పడేలా చేసుకున్న అమరికే, మారిపోయి ఉంది. బ్యారెల్ (గొట్టం) చెక్కకు తగలకుండా ఫ్రీ-ఫ్లోట్ చేస్తే చాలని ఒకరు, బెడ్డింగ్ చేయించాల్సిందేనని ఇంకొకరు చెప్పారు. ఏది చేయాలి, ఇంట్లో మీరే చేసుకోవచ్చా అన్నది మీ సందేహం.

మీ రైఫిల్‌కు రెండూ కావాలనే నా అంచనా. అయితే ఫ్రీ-ఫ్లోట్ ఒక్కటే చేసి అక్కడితో ఆపకండి. ఫోరెండ్ (స్టాక్‌లో బ్యారెల్ కింద ముందుకు సాగే భాగం) కొసన ఉన్న ఆసరాను తీసివేసిన మరుక్షణం కిలోకు పైగా బరువుండే బ్యారెల్ గాలిలో నిలబడుతుంది. ఆ బరువునంతా మోయవలసింది యాక్షన్ (బ్యారెల్ వెనుక, బోల్ట్ ఆడే ఇనుప భాగం) ముందు భాగం, అక్కడి స్క్రూ, రికాయిల్ లగ్ (వెనక్కి తన్నే బలాన్ని స్టాక్‌కు అందించే ఇనుప పలక). అక్కడి కూర్పు సరిగా లేని రైఫిల్‌ను ఫ్లోట్ చేస్తే, అంతవరకు ఫోరెండ్ కప్పిపుచ్చిన లోపం బయటపడి గ్రూప్ ఇంకా పెద్దదయ్యే అవకాశమే ఎక్కువ. అందుచేత ఉప్పుకాగితం చేతిలోకి తీసుకునే ముందు రెండు చిన్న పరీక్షలు చేయవలసి ఉంది, వాటిని కింద వివరంగా రాశాను.

నేను గుంటూరు వాడిని, హ్యూస్టన్ సమీపంలో పదిహేడేళ్లుగా ఉంటున్నాను. వారాంతాల్లో ఒక గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసే) మిత్రుడి షెడ్డులో పనికి కూర్చోవడం అలవాటై, ఇంతవరకు నలభైకి పైగా రైఫిళ్లకు నా చేతులతో బెడ్డింగ్ చేశాను. అందులో మొదటిది ఎలా పాడైందో కూడా దాచకుండా చెబుతాను.

ముందుగా మాటల అర్థం చూద్దాం, ఎందుకంటే ఈ రెండింటినీ చాలామంది కలగాపులగం చేస్తారు. బెడ్డింగ్ అంటే యాక్షన్ అనే ఇనుప భాగం స్టాక్‌లో కూర్చునే పీఠాన్ని దాని ఆకారానికి అచ్చుగుద్దినట్టు తయారుచేయడం. ఇప్పుడు దీనిని ఎక్కువగా ఇపాక్సీతో, అంటే కలిపాక రాయిలా గట్టిపడే జిగురుతో, చేస్తారు. ఫ్రీ-ఫ్లోట్ అంటే యాక్షన్‌కు ముందున్న బ్యారెల్ స్టాక్‌ను ఎక్కడా తాకకుండా చుట్టూ ఖాళీ ఉంచడం. మొదటిది ఇనుము ఎక్కడ ఆనాలో నిర్ణయిస్తుంది, రెండవది ఎక్కడ ఆనకూడదో నిర్ణయిస్తుంది. ఒకటి చేసినంత మాత్రాన రెండవది దానంతటది జరగదు.

ఇది ఎంత సూక్ష్మమైన వ్యవహారమో ఒక లెక్క చెబుతుంది. మీ బ్యారెల్ 22 అంగుళాల పొడవు, అంటే సుమారు 559 మిల్లీమీటర్లు. 100 గజాల దగ్గర ఒక అంగుళం తప్పడానికి ఆ బ్యారెల్ కొస 0.16 మిల్లీమీటరు పక్కకు జరిగితే సరిపోతుంది. మామూలు తెల్లకాగితం మందం 0.1 మిల్లీమీటరు. అంటే కాగితం ఒకటిన్నర పొర మందమంత కదలిక చాలు. ఇక వేడి సంగతి: ఏడెనిమిది షాట్లలో బ్యారెల్ ఉష్ణోగ్రత 60 డిగ్రీల సెల్సియస్ పెరిగిందనుకుంటే, పొడవులో 0.4 మిల్లీమీటరు సాగుతుంది, లావులో మాత్రం మిల్లీమీటరులో నూరో వంతు దరిదాపుల్లోనే పెరుగుతుంది. కాబట్టి బ్యారెల్ ఉబ్బి చెక్కకు తగులుతోందని చాలామంది అనుకునేది పూర్తిగా నిజం కాదు. సాగుతున్న బ్యారెల్ ఒకచోట చెక్కను రాసుకుంటూ ఉంటే, ఆ రాపిడి వద్ద ఒత్తిడి షాట్ షాట్‌కూ మారుతుంది. దానితో బ్యారెల్ కంపించే తీరు మారుతుంది, గుండు కొసను దాటే క్షణంలో కొస ఎటు చూస్తోందన్నది కూడా మారుతుంది. మీకు కనిపిస్తున్న పాకుడు చాలావరకు ఇదే.

మీ రైఫిల్ విషయంలో ఇంకొక ప్రత్యేకత ఉంది. పాత రెమింగ్టన్ 700 చెక్క స్టాకులలో ఫోరెండ్ కొసన, బ్యారెల్ గాడి లోపల, రెండు చిన్న ఎత్తులు కావాలనే ఉంచేవారు. సన్నని బ్యారెల్‌ను కింది నుంచి కొద్దిగా పైకి నొక్కి పట్టి, కంపనాన్ని అదుపు చేయడం వాటి ఉద్దేశం. మీరు ఫోరెండ్‌ను చూసి, ఎవరో చెక్కడం మరచిపోయారని అనుకోవద్దు. కొత్తగా, పొడిగా ఉన్నప్పుడు అవి బాగానే పనిచేస్తాయి. చెక్క తేమ తాగినప్పుడే చిక్కు. మన ఇళ్లలో వానాకాలం రాగానే తలుపు ఉబ్బి ద్వారబంధంలో బిగుసుకుంటుంది కదా, ఫోరెండ్ కూడా అంతే. వానల తరువాత మీ జీరో మారడానికి కారణం దాదాపు ఖాయంగా ఇదే. అమెరికా మెరైన్ దళం 1966లో ఇదే రెమింగ్టన్ 700 ఆధారంగా తయారైన ఎం40 స్నైపర్ రైఫిల్‌ను వాల్‌నట్ స్టాక్‌తో వియత్నాం పంపితే అక్కడి తేమకు స్టాకులు ఉబ్బి, వంగి ఇబ్బంది పెట్టాయి. 1970లలో ఎం40ఏ1 రూపం తీసుకున్నప్పుడు దానికి ఫైబర్‌గ్లాస్ స్టాక్ వేశారు.

ఇప్పుడు పరీక్షలకు వద్దాం. ఏ పరీక్షకైనా ముందు బోల్ట్ (తూటాను లోపలికి నెట్టి మూసే కడ్డీ) బయటకు తీసి, మ్యాగజైన్ ఖాళీ చేసి, చాంబర్‌లో (తూటా కూర్చునే అరలో) తూటా లేదని కంటితోనే కాక వేలితో కూడా తడిమి చూసుకోండి. నేను ఇది ప్రతిసారీ చేస్తాను, పక్కవాడు అప్పుడే చేసి ఇచ్చినా సరే.

మొదటి పరీక్ష కాల్చేది. ఏడు షాట్లు కాల్చండి, కానీ ప్రతి షాట్‌కూ మధ్య నాలుగైదు నిమిషాలు బోల్ట్ తెరిచి ఉంచి బ్యారెల్‌ను చల్లారనివ్వండి. పక్కన ఇంకొక కాగితం మీద టార్గెట్ బొమ్మ గీసుకుని, ప్రతి రంధ్రానికి వరుస సంఖ్య వేసుకోండి. చల్లగా ఉన్నప్పుడు ఏడూ ఒకచోటనే ఉంటే తప్పు వేడిదేనని తేలుతుంది. చల్లగా ఉన్నా చెల్లాచెదురుగా పడితే కారణం వేరే ఉంది. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మూడు షాట్ల గ్రూప్‌ను చూసి మురిసిపోవడం మనందరికీ ఉన్న బలహీనత. సగటున మూడు షాట్ల గ్రూప్ ఒక అంగుళం వచ్చే రైఫిల్, ఏ లోపమూ లేకపోయినా, పది షాట్లలో సుమారు 1.6 అంగుళాలు చూపుతుంది. అది లెక్కల స్వభావం, రైఫిల్ తప్పు కాదు. అయితే మీరు చెప్పినట్టు ప్రతిసారీ ఒకే దిక్కుకు పాకితే అది కాకతాళీయం కాదు.

రెండవది స్క్రూ పరీక్ష, నా దృష్టిలో అసలైనది ఇదే. రైఫిల్‌ను నిలువుగా పట్టుకుని, ఎడమచేతి వేలిని ఫోరెండ్ కొసనా బ్యారెల్‌కూ మధ్య రెండింటినీ తాకేలా ఆనించి ఉంచండి. కుడిచేత్తో ముందు యాక్షన్ స్క్రూను మెల్లగా వదులు చేయండి, మళ్లీ బిగించండి. యాక్షన్ సుఖంగా కూర్చుని ఉంటే వేలికి ఏమీ తెలియదు. వంకరగా కూర్చుని, స్క్రూ దానిని బలవంతంగా వంచి పట్టుకుని ఉంటే, వదులు చేస్తుండగా బ్యారెల్ చెక్క నుంచి పైకి లేస్తున్నట్టు వేలికి స్పష్టంగా తగులుతుంది. తరువాత వెనుక స్క్రూతో ఇదే పని చేయండి. డయల్ ఇండికేటర్ (సూక్ష్మమైన కదలికను కొలిచే ముల్లు పరికరం) దొరికితే మరీ మంచిది. అంగుళంలో వెయ్యికి రెండు వంతుల లోపు కదలిక ఉంటే నేను ఆ బెడ్డింగ్ జోలికి వెళ్లను. ఐదు వంతులు దాటితే ఆలోచన లేకుండా బెడ్డింగ్ చేస్తాను. మధ్యలో ఉన్నది మీ ఓపికను బట్టి.

వీటికంటే ముందు, స్కోప్ బేస్ స్క్రూలు బిగుతుగా ఉన్నాయో లేదో చూడండి. నా దగ్గరకు బెడ్డింగ్ కోసమని వచ్చిన రైఫిళ్లలో కనీసం ఐదింటికి బెడ్డింగ్ అవసరమే లేదు. ఒకదానికి స్కోప్ కింద ముందు బేస్ స్క్రూ చేతి వేళ్లతో తిరిగింది. దాని యజమాని అప్పటికే రెండు కొత్త రకాల తూటాలు, ఒక కొత్త స్కోప్ కొని ఉన్నాడు.

సరే, పరీక్షలో కదలిక కనిపించిందనుకుందాం. యాక్షన్ ఎక్కడ ఆనుతోందో తెలుసుకోవడానికి గన్‌స్మిత్‌లు వాడే నల్లరంగు దుకాణాలలో దొరుకుతుంది, కాని నేను దీపపు మసిని కొద్ది నూనెలో కలిపి వాడతాను. మా ఊళ్లో వడ్రంగి నాగలికి కర్రు కూర్చేటప్పుడు చేసిన పనే ఇది. మసి పూసిన యాక్షన్‌ను స్టాక్‌లో పెట్టి, బిగించి, తీసి చూస్తే, ఆనిన చోట చెక్క మీద నల్లమచ్చ పడుతుంది. మొదటిసారి చూసినవారు ఆశ్చర్యపోతారు: అంత పొడవైన యాక్షన్ కింద ఒక్కోసారి రూపాయి బిళ్లంత మచ్చలు రెండు, మూడు మాత్రమే కనబడతాయి, రికాయిల్ లగ్ వెనుకనైతే ఒక మూల మాత్రమే నల్లబడి ఉంటుంది. వెనక్కి తన్నే బలమంతా ఆ మూల మీదనే పడుతోందన్నమాట.

బెడ్డింగ్ పనిలో ముఖ్యమైనవి మాత్రం చెబుతాను. పిల్లర్లు అంటే యాక్షన్ స్క్రూల చుట్టూ చెక్కలో అమర్చే అల్యూమినియం గొట్టాలు. చెక్క స్టాక్‌కు ఇవి తప్పనిసరిగా వేయించమంటాను, ఎందుకంటే అవి లేకపోతే స్క్రూ బిగించిన కొద్దీ చెక్క నలుగుతూనే ఉంటుంది. ఇపాక్సీ విషయానికి వస్తే డెవ్‌కాన్, మెరైన్-టెక్స్, బ్రౌనెల్స్ వారి ఆక్రాగ్లాస్ వంటివి అందరూ వాడేవే. నాకు మెరైన్-టెక్స్ చేతికి అలవాటైంది, అంతకుమించి దాని గొప్పేమీ లేదు. లగ్ ముందు వైపు, రెండు పక్కలు, అడుగు భాగాలకు టేప్ అతికించాలి, వెనుక ముఖానికి మాత్రం అతికించకూడదు. టేప్ తీసేశాక ఆ నాలుగు వైపులా సన్నని ఖాళీ మిగిలి, లగ్ వెనుక ముఖం ఒక్కటే ఇపాక్సీ గోడను ఆనుకుంటుంది. ఈ ఖాళీ లేకపోతే యాక్షన్‌ను స్టాక్ నుంచి బయటకు తీసిన ప్రతిసారీ అంచులు చెక్కుకుపోతాయి. బ్యారెల్ గాడి మధ్యలో నిలవడానికి ఫోరెండ్ కొస దగ్గర బ్యారెల్ చుట్టూ నాలుగైదు చుట్లు టేప్ వేయాలి. గాడిని మాత్రం ముందే వెడల్పు చేసి ఉంచుకోండి. లేదంటే ఇపాక్సీ గట్టిపడే సమయంలో చెక్క బ్యారెల్‌ను ఒకవైపు నెట్టి పట్టుకుంటుంది, ఆ వంకరే అచ్చుగా శాశ్వతంగా నిలిచిపోతుంది. అదే కారణంగా ఇపాక్సీ ఆరే సమయంలో స్క్రూలను బలంగా బిగించరాదు. తలలేని రెండు గైడ్ స్క్రూలు వేసి, యాక్షన్ దాని బరువుకే కూర్చునేలా ఎలక్ట్రికల్ టేప్‌తో చుట్టి వదిలేస్తాను. గది ఉష్ణోగ్రతలో 24 గంటలు ముట్టుకోను.

ఇక నా మొదటి రైఫిల్ కథ. ఇపాక్సీ అంటుకోకుండా ఊడిరావడానికి యాక్షన్‌కు రంగులేని బూట్ పాలిష్ శ్రద్ధగా రెండు పూతలు పూశాను. కాని ట్రిగర్ పిన్ను రంధ్రాన్ని మట్టితో పూడ్చడం మరచిపోయాను. ఇపాక్సీ ఆ రంధ్రంలోకి పారి లోపల మేకులా గట్టిపడింది. మరునాడు ఎంత లాగినా యాక్షన్ రాలేదు. మిత్రుడు వచ్చి చూసి, మాట్లాడకుండా రైఫిల్‌ను అలాగే తీసుకువెళ్లి మాంసం దాచుకునే పెద్ద ఫ్రీజర్‌లో రాత్రంతా పెట్టాడు. ఇనుము, ఇపాక్సీ, చెక్క మూడూ వేరువేరుగా ముడుచుకుంటాయి గనుక ఉదయం రబ్బరు సుత్తితో తడితే ఊడివచ్చింది, కూడా అరచేయంత చెక్క పెచ్చు వచ్చింది. ఆ స్టాక్ ఇంకా నా దగ్గరే ఉంది. అప్పటినుంచి ఇపాక్సీ కలిపే ముందు ప్రతి రంధ్రాన్ని, గాడిని, పిల్లలు ఆడుకునే బంకమట్టితో పూడ్చి, టార్చి వేసి రెండుసార్లు చూసుకుంటాను. మీరు స్వయంగా చేయదలిస్తే చేయవచ్చు, చేయి స్థిరంగా ఉన్నవారికి ఇది మించిన పనేమీ కాదు; కాని ఖరీదైన వాల్‌నట్ మీద మొదటి ప్రయోగం చేయకండి. ఏదైనా పాత స్టాక్ మీద ఒకసారి చేసి చూడండి.

రైఫిల్‌ను తిరిగి కూర్చేటప్పుడు రెండు విషయాలు తప్పక చూడాలి. మ్యాగజైన్ పెట్టె యాక్షన్‌కూ కింది ప్లేట్‌కూ మధ్య నొక్కుకుపోకూడదు. వేలితో కదిపితే కొద్దిగా పైకీ కిందికీ ఆడాలి. అది నొక్కుకుంటే మీ కొత్త బెడ్డింగ్ మీద కాక ఆ రేకు పెట్టె మీద యాక్షన్ నిలబడినట్టే. అలాగే ముందు స్క్రూ కొస బోల్ట్ లగ్‌లకు తగలకూడదు. తగిలితే బోల్ట్ మూస్తుండగానే గరుకుగా తెలుస్తుంది. బిగింపు విషయంలో పిల్లర్లు లేని చెక్కకు 35 నుంచి 40 ఇంచ్-పౌండ్లు, పిల్లర్లు ఉన్నదానికి 50 నుంచి 60 నేను పాటించే కొలత. అంకె కంటే ప్రతిసారీ అదే అంకె ఉండడం ముఖ్యం, కాబట్టి టార్క్ రెంచ్ (ఎంత బిగించామో చూపే పానా) కొనండి.

ఫ్రీ-ఫ్లోట్ విషయంలో ఖాళీ ఎంత ఉండాలని అడిగితే, డాలర్ నోటు ఒక పొర దూరితే చాలనే పాత సలహాను నేను ఒప్పుకోను. బల్ల మీద ఉన్నప్పుడు నోటు హాయిగా జరుగుతుంది. బైపాడ్ (ముందు ఉండే రెండు కాళ్ల ఆసరా) మీద పెట్టి భుజంతో ముందుకు నొక్కితేనో, స్లింగ్ (భుజాన వేసుకునే పట్టీ) బిగించి లాగితేనో ఆ కాస్త ఖాళీ మూసుకుపోతుంది. పలుచని ప్లాస్టిక్ స్టాకులలో ఇది మరీ ఎక్కువ, ఇక్కడి షూటర్లు వాటిని టప్పర్‌వేర్ అని ఎగతాళి చేసేది అందుకే. ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్ల ఖాళీ ఉంచండి, అందం కొంత తగ్గినా పరవాలేదు. లావాటి పైపు ముక్కకు ఉప్పుకాగితం చుట్టి రుద్దితే గాడి గుండ్రంగా వస్తుంది. రుద్దిన చెక్కను పచ్చిగా వదిలేయకండి; పాలియురెథేన్ వంటి పూత రెండు, మూడు సార్లు లోపలంతా వేయండి. వానకు జీరో మారుతున్న మీ రైఫిల్‌కు ఈ పూత చాలా అవసరం, అయినా ఎక్కువమంది వదిలేసేది దీనినే.

ఫ్లోటింగ్ అన్ని బ్యారెల్‌లకూ నచ్చదన్నది కూడా చెప్పాలి. నాలుగేళ్ల కిందట ఒక స్నేహితుడి .30-06 రైఫిల్‌ను, చాలా సన్నని బ్యారెల్ గలదానిని, బెడ్డింగ్ చేసి ఫ్లోట్ చేశాను. అంతకుముందు అంగుళంన్నర ఇచ్చేది కాస్తా రెండుంపావు అంగుళాలకు పెరిగింది. నా పనిలో తప్పుందేమోనని మూడు వారాలు వెతికాను. చివరకు ఫోరెండ్ కొసన బ్యారెల్ కింద పాత క్రెడిట్ కార్డు ముక్కలు రెండు దూర్చి కాలిస్తే గ్రూప్ అంగుళంపావుకు వచ్చింది. ఆ ముక్కల స్థానంలో ఇపాక్సీతో చిన్న దిమ్మె పోసి ఇచ్చాను, ఇప్పటికీ దానితోనే నవంబరులో జింకల వేటకు వెళుతున్నాడు. అందుచేత ఫోరెండ్ కొసను శాశ్వతంగా చెక్కివేయడానికి ముందు ఇంకొక ఉపాయం చేయండి: యాక్షన్ కింద, రెండు స్క్రూల దగ్గర, సన్నని షిమ్ (ఎత్తు కోసం పెట్టే పలుచని రేకు ముక్క) పెట్టి బ్యారెల్‌ను తాత్కాలికంగా పైకి లేపి, ఫ్లోట్ అయిన స్థితిలో పది షాట్లు కాల్చి చూడండి. చెక్కిన చెక్కను తిరిగి అతికించలేము, షిమ్ అయితే తీసేయవచ్చు. ఇంకొక మాట, బ్యారెల్ తయారీలోనే లోహంలో మిగిలిపోయిన ఒత్తిడి వల్ల వేడికి వంగేదైతే, మీరు ఎంత చక్కగా బెడ్డింగ్ చేసినా, ఫ్లోట్ చేసినా అది పాకుతూనే ఉంటుంది. అటువంటిదానిని వేటకు వాడుకోవడం, లేదా బ్యారెల్ మార్చుకోవడం తప్ప దారి లేదు.

ఇది చదివే ఆంధ్ర, తెలంగాణ మిత్రులలో లైసెన్సు మీద పాత .303 లీ-ఎన్‌ఫీల్డ్ ఉన్నవారు ఎవరైనా ఉంటే, పై సలహాను దానికి యథాతథంగా వర్తింపజేయకండి. దాని స్టాక్ రెండు ముక్కలు, ఫోరెండ్ బ్యారెల్ పొడవునా ఉంటుంది, నంబర్ 4 రకంలో కొసన బ్యారెల్ మీద కొన్ని పౌండ్ల పైకి ఒత్తిడి ఉండేలానే దానిని రూపొందించారు. దానిని ఫ్లోట్ చేస్తే సాధారణంగా చెడగొట్టినట్టే. అందులో చూడవలసింది ఫోరెండ్ వెనుక భాగం యాక్షన్‌ను ఆనుకునే రెండు చెక్క ముఖాలు నలిగాయా, చీలాయా అన్నది. పైగా భారతదేశంలో ఆయుధాల మరమ్మతు 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు ఉన్నవారే చేయవలసిన పని కాబట్టి, లైసెన్సున్న గన్‌స్మిత్‌కే ఇవ్వండి.

మీరు పని పూర్తయిన తరువాత మొదటి ఇరవై షాట్లను లెక్కలోకి తీసుకోకండి. ఇపాక్సీ మీద లగ్ సర్దుకుంటుంది. ఆ తరువాత స్క్రూలను మళ్లీ అదే టార్క్‌కు బిగించి, వెనుకటిలాగే ఏడు షాట్లు, ఈసారి ఆగకుండా, కాల్చండి. ఆ రెండు టార్గెట్ కాగితాలను పక్కపక్కన పెట్టి ఫొటో పంపితే, మిగిలింది వేడిదా, బ్యారెల్‌దా, భుజానిదా అన్నది చూసి చెప్పగలను.